రోజుకు 50 ప్యాక్‌ల నుంచి 500కి: ఈవీ బ్యాటరీ లైన్‌లో ప్రాసెస్ ఇంజనీర్ చేయాల్సిన పని

ఎలక్ట్రిక్ స్కూటర్ల ఉత్పత్తి పెంచాలనుకున్న ఫ్యాక్టరీలో మొదట ఊపిరాడనిది బ్యాటరీ ప్యాక్ లైన్‌కే. ఫ్రేమ్ వెల్డింగ్, పెయింట్ షాపు, చక్రాల బిగింపు పెట్రోలు బండి కాలం నుంచి అలవాటైన పనులు. వాటిని రెట్టింపు చేయడం తెలిసినవాళ్లకు మన దగ్గర కొదవ లేదు. ప్యాక్ సంగతి వేరు. వందల సెల్స్, వాటికి రెట్టింపు అతుకులు. ఒక్క అతుకు సరిగా పడకపోయినా బయటికి ఏమీ కనపడదు, మీటరు పెట్టినా వోల్టేజీ సరిగ్గానే చూపిస్తుంది. హోసూరు, కృష్ణగిరి వైపు స్కూటర్ ఫ్యాక్టరీలు, పాత చిత్తూరు జిల్లాలో విడా స్కూటర్లు చేసే హీరో మోటోకార్ప్ ఫ్యాక్టరీ, 2023లో మహబూబ్‌నగర్ దగ్గర దివిటిపల్లిలో శంకుస్థాపన జరిగిన అమర రాజా బ్యాటరీల గిగా కారిడార్ ఉండటంతో ఈ ఉద్యోగాల్లోకి తెలుగు ఇంజనీర్లు బాగానే వస్తున్నారు. సెల్ తయారీ వేరే లోకం, దానికి డ్రై రూములూ కోటింగ్ మెషీన్లూ కావాలి. ఇక్కడ చెప్పేది కొన్న సెల్స్‌తో ప్యాక్ కట్టే లైన్ గురించి మాత్రమే.

లెక్కలకు ఒక ప్యాక్ పెట్టుకుందాం. 21700 సైజు (21 మిల్లీమీటర్ల వ్యాసం, 70 పొడవు) ఎన్ఎంసీ (నికెల్, మాంగనీస్, కోబాల్ట్) సెల్స్, ఒక్కోటి 3.6 వోల్టులు, 5 యాంపియర్ అవర్లు. 16 సెల్స్ ప్యారలల్‌గా ఒక గ్రూపు, అలాంటి 14 గ్రూపులు సిరీస్‌లో. మొత్తం 224 సెల్స్, సుమారు 4 కిలోవాట్ అవర్లు, ఫుల్ చార్జిలో 58.8 వోల్టులు. సెల్‌కు పాజిటివ్ ఒకటి, నెగటివ్ ఒకటి చొప్పున 448 వెల్డులు.

1. మెషీన్ల కంటే ముందు గుణకారం

పైలట్ లైన్‌లో రోజుకు 50 ప్యాక్‌లు చేసినప్పుడు పడేవి 22,400 వెల్డులు. 500 చేస్తే 2,24,000. వెల్డు తప్పే రేటు అదే ఉన్నా లైన్ మీద దాని ప్రభావం పూర్తిగా మారిపోతుంది.

పది లక్షల్లో 1,000 వెల్డులు తప్పుతున్నాయనుకోండి. వెయ్యికి ఒకటంటే వినడానికి బాగానే ఉంటుంది. కానీ 448 వెల్డులూ ఒక్కసారిలో సరిగా పడే ప్యాక్‌లు నూటికి 64 మాత్రమే. రోజుకు 50 ప్యాక్‌లైతే 18 రీవర్క్‌కు వెళ్తాయి, అనుభవమున్న టెక్నీషియన్లు ఇద్దరు సాయంత్రంలోగా సర్దేస్తారు. 500 అయితే 180 ప్యాక్‌లు. వాటిని పెట్టడానికే చోటుండదు. 100 పీపీఎంకు (పది లక్షల్లో 100 తప్పులకు) తెస్తే రోజుకు 22, 10 పీపీఎంకు తెస్తే రెండు. ఈ చివరి అంకె దగ్గరికి రాకుండా 500 మాట ఎత్తడం అనవసరం.

ఇక్కడ ఇంకో చిక్కుంది. 10 పీపీఎం అని 95 శాతం నమ్మకంతో చెప్పాలంటే వరుసగా మూడు లక్షల వెల్డులు ఒక్క తప్పూ లేకుండా పడాలి, అంటే దాదాపు 670 ప్యాక్‌లు. పీపీఏపీలో (ఉత్పత్తికి ముందు కస్టమర్ ఆమోదం తీసుకునే ప్రక్రియలో) అడిగే 300 ప్యాక్‌ల రన్ తప్పు లేకుండా ముగిసినా అది నిరూపించేది 22 పీపీఎం వరకే. కస్టమర్ సంతకం పెట్టేశాడు కదా అని ఆగిపోకుండా లెక్కింపు కొనసాగించండి.

2. టాక్ట్ టైమ్, దాని నుంచి మెషీన్ల సంఖ్య

రెండు షిఫ్టులు, ఒక్కోటి 480 నిమిషాలు. భోజనం, టీ, షిఫ్టు మార్పిడి కింద 50 తీసేస్తే 430. రెండూ కలిపి 860 నిమిషాలు, అంటే 51,600 సెకన్లు. 500తో భాగిస్తే ప్యాక్‌కు 103 సెకన్లు. ఇది టాక్ట్, అంటే ఒక ప్యాక్ తర్వాత ఇంకొకటి పూర్తి కావాల్సిన వ్యవధి. మెషీన్లను దీనికే కొంటే మునిగినట్టే. లైన్ 80 శాతం సమయమే నడుస్తుందనుకుని ప్రతి స్టేషన్‌నూ 82 సెకన్లకు కట్టాలి.

సెల్ టెస్టర్‌కు సెల్‌కు ఒక సెకను పడితే 224 సెకన్లు. మూడు ఛానెళ్లు పెడితే 75 సెకన్లలో అయిపోతుంది.

లేజర్ వెల్డింగ్‌లో పాయింటుకు 0.15 సెకను చొప్పున 67 సెకన్లు. కొటేషన్‌లో కనిపించేది ఈ అంకే. ప్యాక్ లోపలికి రావడం, క్లాంపు దిగడం, కెమెరా పొజిషన్ చూసుకోవడం, బయటికి పోవడం మరో 25 సెకన్లు కలిపితే 92. లైన్ అక్కడే ఆగిపోతుంది. అలాగని రెండో లేజర్ కొనక్కర్లేదు. రెండు టేబుళ్ల షటిల్ పెట్టి, ఒకటి వెల్డవుతుండగా రెండోది లోడయ్యేలా చేస్తే 73 సెకన్లకు దిగుతుంది. డిజైన్‌లో పాజిటివ్, నెగటివ్ రెండూ ఒకే వైపు ఉన్నాయా, మాడ్యూల్‌ను తిప్పి వెల్డు చేయాలా అన్నది మాత్రం ముందే చూసుకోవాలి. తిప్పాలంటే ఈ లెక్క చెల్లదు.

అంటు (జిగురు) ఆరడానికి మెషీన్ అక్కర్లేదు, స్థలం కావాలి. ముట్టుకోదగ్గ గట్టిదనం రావడానికి 30 నిమిషాలు పడితే 18 ప్యాక్‌లు ఎప్పుడూ ఆరుతూనే ఉంటాయి. నాలుగు గంటలు పడితే 140. కొనుగోలు విభాగం కిలోకు పది రూపాయలు తగ్గుతుందని నెమ్మదిగా ఆరే అంటుకు మారుస్తానంటే, ఈ 140 ప్యాక్‌ల ర్యాకులు ఎక్కడ పెట్టాలో లేఅవుట్ మీద చూపించమనండి.

ఎండ్ ఆఫ్ లైన్ టెస్టు (లైన్ చివర చేసే పరీక్ష) 20 నిమిషాలైతే 15 ఛానెళ్లు. రీటెస్టులకూ క్యాలిబ్రేషన్‌కూ కలిపి 17 పెట్టుకోవాలి. ప్రతి ప్యాక్‌నూ నిండుగా చార్జి చేసి ఖాళీ చేయాలంటే, సగం సీ రేటులో (నిండడానికి రెండు గంటలు, ఖాళీ కావడానికి రెండు గంటలు పట్టే వేగం) నాలుగు గంటల చొప్పున, 176 ఛానెళ్లు కావాలి. మీ ప్యాక్‌కు ఎన్ని సైకిళ్లు తప్పనిసరో హోమోలోగేషన్ (వాహనానికి ప్రభుత్వ ఆమోదం తెచ్చే విభాగం) వాళ్లతో మొదటి వారంలోనే తేల్చుకోండి, పెట్టుబడిలో పెద్ద ముక్క ఇదే. ఛానెళ్లు ఎక్కువైతే డిశ్చార్జి కరెంటును వేడిగా వదిలేసే టెస్టర్లు కాకుండా గ్రిడ్‌కు తిరిగిచ్చే రకం తీసుకోవాలి. లేదంటే కరెంటు బిల్లుతో పాటు ఏసీ బిల్లూ పెరుగుతుంది.

3. సెల్ లోపలికి వచ్చే దగ్గర

సెల్స్ సాధారణంగా 30 శాతం చార్జి చుట్టుపక్కల వస్తాయి. ఇక్కడ చూడాల్సినవి రెండు: ఓపెన్ సర్క్యూట్ వోల్టేజీ (లోడు లేనప్పటి వోల్టేజీ), 1 కిలోహెర్ట్జ్ దగ్గర ఏసీ ఇంటర్నల్ రెసిస్టెన్స్. రెసిస్టెన్స్‌ను నాలుగు వైర్ల పద్ధతిలోనే కొలవాలి. గది 25 డిగ్రీలకు రెండు అటూఇటూ ఉండాలి. ఏప్రిల్‌లో ట్రక్కు దిగిన పెట్టెను తిన్నగా టెస్టర్ మీద పెడితే సెల్ ఇంకా 38 డిగ్రీల్లో ఉంటుంది, రెసిస్టెన్స్ తక్కువ చూపిస్తుంది, సెల్స్ తప్పు గ్రూపుల్లోకి పోతాయి. పెట్టెలు తెరిచి కనీసం ఒక రాత్రి గదిలో ఉంచండి.

వోల్టేజీ తక్కువున్న సెల్ దానికదే ప్రమాదం కాదు, రోజురోజుకీ తగ్గుతున్న సెల్ ప్రమాదం. సరఫరాదారు పంపిన వోల్టేజీ డేటా తేదీతో సహా అడిగి తీసుకోండి. మీ కొలతతో పోల్చి రోజుకు ఎన్ని మిల్లీవోల్టులు పడిందో లెక్కేయండి. లాట్‌లో మిగతావాటికి దూరంగా ఉన్న సెల్ లోపల ఎక్కడో సన్నగా షార్ట్ ఉండవచ్చు. దాన్ని పక్కన పెట్టేయాలి, ఇంకో గ్రూపులో సర్దకూడదు.

క్యూఆర్ స్కానింగ్ ఇక్కడే మొదలుపెట్టాలి. 2022లో స్కూటర్ల మంటల తర్వాత వచ్చిన ఏఐఎస్-156 (ఈవీ బ్యాటరీల భద్రతా ప్రమాణం) సవరణ 2022 డిసెంబరు 1 నుంచి ఒక దశ, 2023 మార్చి 31 నుంచి రెండో దశ అమల్లోకి వచ్చింది, సెల్ స్థాయి ట్రేసబిలిటీ (ఏ సెల్ ఏ ప్యాక్‌లోకి వెళ్లిందో జాడ) అందులో భాగం. 500 ప్యాక్‌లంటే రోజుకు 1,12,000 కోడ్‌లు. నూటికి ఒకటి చదవకపోయినా రోజుకు 1,120 సార్లు లైన్ ఆగుతుంది. హోల్డర్‌లో పెట్టాక కోడ్ మూసుకుపోయే డిజైన్ అయితే స్కాన్‌ను టెస్టర్ దగ్గరే పూర్తి చేసి, ట్రేలో స్థానం ప్రకారం డేటాను ముందుకు తీసుకెళ్లాలి.

4. వెల్డింగ్

వెల్డు పాడవడానికి లేజర్ కారణమయ్యేది తక్కువసార్లు. ఎక్కువగా తప్పంతా ట్యాబుకూ (సెల్స్‌ను కలిపే పల్చటి లోహపు పట్టీ) సెల్‌కూ మధ్య సందుది. ట్యాబు 0.2 మిల్లీమీటర్లైతే సందు 0.02 దాటకుండా చూడాలి, 0.04 దగ్గర వెల్డు నమ్మదగింది కాదు. సెల్ ఎత్తులో, హోల్డర్ గుంట లోతులో, ట్యాబు చదునులో వచ్చే తేడాలన్నీ ఈ సందులోకే చేరతాయి. అందుకే ప్యాక్ మొత్తానికి ఒకే పలక నొక్కే ఫిక్స్చర్ పనికిరాదు. ఎత్తు ఎక్కువున్న సెల్ దగ్గర ఒత్తిడంతా ఆగిపోయి పక్క సెల్ మీద ట్యాబు తేలుతుంది. ప్రతి వెల్డు పాయింటుకూ విడిగా స్ప్రింగు వేలు ఉన్న ఫిక్స్చర్ ఖరీదైనా అదే పెట్టండి. వేళ్ల కొనలు అరుగుతాయి, స్పాటర్ (వెల్డింగ్‌లో ఎగిరే లోహపు తుంపర) అంటుకుని బిగుసుకుంటాయి. షిఫ్టు మొదట్లో ప్రెషర్ పేపర్ ఒకటి పెట్టి నొక్కితే 448 ముద్రలూ కనిపించాలి. ఒక మూల లేతగా పడితే ఆ రోజు ఏ వరసలో తప్పులు రాబోతున్నాయో అదే చెబుతుంది.

రెండోది లెన్సు ముందుండే రక్షణ గాజు. దాని మీద పొగ పేరుకుంటే స్క్రీన్ మీద పవర్ అంతే చూపిస్తుంది, పని మీద పడేది తగ్గుతుంది. పవర్ మీటరును గాజు తర్వాత, వెల్డు పడే చోట పెట్టి షిఫ్టుకు ఒకసారి కొలవాలి. ఆపరేటర్ పవర్ పెంచి సర్దుకుంటే ఇంకో ప్రమాదం. గాజు మార్చిన మరుక్షణం ఆ పెరిగిన పవర్ సెల్ అడుగు రేకును తొలిచేస్తుంది. ఆ రేకు మందం మిల్లీమీటరులో మూడో వంతు కూడా ఉండదు. అది తూటు పడితే ఎలక్ట్రోలైట్ బయటికొస్తుంది, తియ్యటి సాల్వెంట్ వాసన వస్తుంది. కాబట్టి రెసిపీకి (మెషీన్ సెట్టింగులకు) పాస్‌వర్డు ఉండాలి, గాజు మార్చగానే మూడు నమూనాలు పీకి చూడాలి.

నమూనా ట్యాబు పీకినప్పుడు వెల్డు బొడిపె సెల్ మీదే మిగలాలి. ట్యాబు శుభ్రంగా ఊడొచ్చిందంటే, పుల్ ఫోర్సు (పీకడానికి పట్టిన బలం) అంకె లిమిట్లో ఉన్నా సరే, అది చల్లని వెల్డు, అంటే లోహాలు సరిగా కరిగి కలవలేదు. అంకెను మాత్రమే రాసుకునే ఫారం అయితే ఇవాళే ఇంకో గడి చేర్చండి.

ఇంకా రెసిస్టెన్స్ స్పాట్ వెల్డింగ్‌తోనే నడిపేవాళ్లకు ఒక్క మాట. ఒక్కో వెల్డుకు ఒక సెకనే అనుకున్నా 448 సెకన్లు, అంటే ఆరు మెషీన్లు. ఎలక్ట్రోడ్ ఎన్ని వెల్డులకు చెక్కాలో మీ పుల్ ఫోర్సు గ్రాఫే చెబుతుంది. కొన్ని వందలకే అరిగితే ప్రతి ప్యాక్‌కూ ఒకసారి ఆపాల్సిందే, ఆ సమయాన్ని సైకిల్ టైమ్‌లో కలపాలి.

5. హార్నెస్, బోల్టులు, అంటు, లీక్

ప్యాక్ 60 వోల్టుల లోపే ఉందని తేలిగ్గా తీసుకోవద్దు. షాక్ పెద్దగా కొట్టదు, షార్ట్ మాత్రం వదలదు. సెల్‌కు 20 మిల్లీఓమ్స్ అనుకుంటే ప్యాక్ లోపలి రెసిస్టెన్స్ 17.5 మిల్లీఓమ్స్, స్పానర్ జారి టెర్మినళ్ల మీద పడితే వెళ్లే కరెంటు వేల యాంపియర్లలో ఉంటుంది. ఇన్సులేటెడ్ పనిముట్లు, ఉంగరాలు గాజులు లేని చేతులు, అప్పుడు పని లేని టెర్మినల్ మీద మూత తప్పనిసరి.

సెన్సింగ్ హార్నెస్‌ను (గ్రూపుల వోల్టేజీ చదివే వైర్ల కట్టను) బీఎంఎస్‌కు (ప్యాక్‌ను కాపలా కాసే కంట్రోల్ బోర్డుకు) పెట్టే ముందు కనెక్టర్ మీద 14 వోల్టేజీలూ వరుసగా చదివే చిన్న టెస్ట్ బాక్స్ ఉండాలి. రెండు వైర్లు తారుమారైతే బోర్డు అక్కడికక్కడే పోతుంది. ఒక్కోసారి సగం పోతుంది, అది ఇంకా చేటు.

బోల్టులకు టార్క్‌తో పాటు కోణం కూడా రికార్డు కావాలి. బోల్టు మరలో అంటు బొట్టు పడితే టార్క్ త్వరగా వచ్చేస్తుంది, బోల్టు బిగుసుకోదు, కోణం తక్కువ రావడంతో దొరికిపోతుంది. జాయింటులో అర మిల్లీఓమ్ అదనంగా ఉన్నా 80 యాంపియర్ల దగ్గర 3.2 వాట్ల వేడి ఒకే చోట పుడుతుంది.

రెండు భాగాల అంటు కలిసే నిష్పత్తిని షిఫ్టు మొదట్లో రెండు కప్పుల్లో విడివిడిగా పట్టి తూచి చూడాలి. స్క్రీన్‌ను నమ్మొద్దు. వేడి పది డిగ్రీలు పెరిగితే అంటు గట్టిపడే సమయం దాదాపు సగమవుతుంది. జనవరిలో సెట్ చేసిన పర్జ్ టైమర్ (నాజిల్‌లోని పాత అంటును ఎంతసేపటికి తోసేయాలో చెప్పేది) మే నెలలో నాజిల్‌ను మూసేస్తుంది.

లీక్ టెస్టు దగ్గర చాలామంది నెలలు పోగొట్టుకుంటారు. ఐపీఎక్స్7 (నీళ్లు లోపలికి పోకూడదనే ప్రమాణం) అంటే మీటరు లోతు నీళ్లలో అరగంట. లైన్ మీద అది కుదరదు కాబట్టి గాలి నింపి ఒత్తిడి తగ్గుతుందేమో చూస్తాం. మూసిన పెట్టెలో గాలి ఒక్క డిగ్రీ చల్లబడితే ఒత్తిడి సుమారు 350 పాస్కల్స్ పడిపోతుంది. మీ లిమిట్ 50 అనుకోండి, డిగ్రీలో ఏడో వంతు చల్లబడినా మంచి ప్యాక్ లీకు ప్యాక్‌గా తేలుతుంది. ఓవెన్ నుంచి వచ్చిన ప్యాక్‌ను వెంటనే పెడితే అన్నీ ఫెయిలే. తెల్లవారుజామున చల్లగా ఉన్న గోడౌన్ నుంచి తెస్తే గాలి వేడెక్కి ఒత్తిడి పెరుగుతుంది, నిజమైన లీకు దాని వెనక దాక్కుంటుంది. మొదటి రకం గొడవ చేస్తుంది కాబట్టి అందరికీ తెలుస్తుంది, రెండోది ఎవరికీ తెలియదు. టెస్టుకు ముందు ప్యాక్ ఉష్ణోగ్రత చదివి, గదితో తేడా ఎక్కువుంటే మెషీన్ మొదలవకుండా ఇంటర్‌లాక్ పెట్టండి. తెలిసిన సైజు రంధ్రమున్న మాస్టర్ లీకును ప్రతి షిఫ్టూ పెట్టి మెషీన్ దాన్ని పట్టుకుంటుందో లేదో చూడండి.

6. ఒక్క సెల్ అతకకపోతే ఎలా పట్టుకోవాలి

16 ప్యారలల్ సెల్స్‌లో ఒకటి వెల్డు ఊడి విడిపోయింది. గ్రూపు వోల్టేజీ ఏమీ మారదు, మిగతా పదిహేనూ అదే చూపిస్తాయి. ఇన్సులేషన్ టెస్టు పాస్, లీక్ పాస్. గ్రూపు కెపాసిటీ 6.25 శాతం తగ్గింది, కస్టమర్ చేతిలో ఆరు నెలలకు రేంజి తగ్గిందని బండి వెనక్కి వస్తుంది.

దొరికే దారి పల్స్ టెస్టు. 80 యాంపియర్లు కొన్ని సెకన్లు లాగి ప్రతి గ్రూపు వోల్టేజీ ఎంత దిగిందో చూడాలి. సెల్ డీసీ రెసిస్టెన్స్ 30 మిల్లీఓమ్స్ అయితే 16 సెల్స్ గ్రూపుకు 1.9, దిగుడు 150 మిల్లీవోల్టులు. పదిహేనే ఉంటే 160. మనం పట్టుకోవాల్సింది ఈ పది మిల్లీవోల్టుల తేడా. ప్యాక్ నాలుగైదు డిగ్రీలు చల్లగా ఉన్నా దిగుడు అంతే పెరుగుతుంది. అందుకే ‘155 దాటితే ఫెయిల్’ లాంటి స్థిర లిమిట్ పెడితే వర్షాకాలంలో మంచి ప్యాక్‌లు ఆగుతాయి, ఎండాకాలంలో చెడ్డవి వెళ్లిపోతాయి. అదే ప్యాక్‌లోని 14 గ్రూపుల మధ్యస్థ విలువతో ప్రతి గ్రూపునూ పోల్చండి. ఉష్ణోగ్రత, చార్జి స్థాయి, సెల్ లాట్ అన్నిటికీ ఒకటే కాబట్టి అవి రద్దయిపోతాయి. చివరి గ్రూపుల దగ్గర బస్‌బార్ (కరెంటు మోసే లోహపు పట్టీ) పొడవు వల్ల ఎప్పుడూ కొంచెం ఎక్కువ దిగుతుంది, ఆ రెండింటికీ విడిగా దిద్దుబాటు పెట్టాలి.

కొలతకు బీఎంఎస్ రీడింగు సరిపోతుందా అన్నది గేజ్ ఆర్ అండ్ ఆర్ (కొలతల తేడాలో కొలిచే పద్ధతి వాటా ఎంతో చూసే పరీక్ష) చేసి తేల్చుకోండి. పది శాతం లోపు వస్తే హాయి, ముప్ఫై దాటితే ఆ టెస్టు పెట్టినా పెట్టకపోయినా ఒకటే. చివరగా, కావాలని ఒక సెల్ వెల్డు చేయకుండా వదిలిన ప్యాక్ ఒకటి తయారుచేసి, ఎర్ర స్టిక్కరు వేసి, వారానికోసారి ప్రతి ఛానెల్ మీదా నడపండి. అది పాసైన ఛానెల్‌ను ఆ క్షణమే ఆపేయండి.

7. మెట్లు ఎక్కించడం

50 నుంచి తిన్నగా 500కి దూకొద్దు. 100, 250, 500. ప్రతి మెట్టు దగ్గరా రెండు వారాలు నిలబడి ఈ నాలుగూ కుదిరితేనే పైకి: భద్రతకు సంబంధించిన కొలతల్లో పీపీకే (కొలతలు లిమిట్లకు ఎంత లోపల ఉన్నాయో చెప్పే సూచిక) 1.67కి తగ్గకూడదు, రీవర్క్ రాశి సాయంత్రానికి సున్నా కావాలి, ఎర్ర స్టిక్కరు ప్యాక్ ఒక్కసారీ తప్పించుకోకూడదు, పై మెట్టుకు కావాల్సిన స్పేర్లు స్టోర్స్‌లో ఉండాలి. నాలుగోదాన్ని ఎవరూ పట్టించుకోరు. ఆరు వారాలకు గానీ రాని లేజర్ గాజు అయిపోయి మొత్తం లైన్ కూర్చుంటుంది.

పీఎఫ్ఎంఈఏను (ప్రాసెస్‌లో ఏది ఎలా తప్పవచ్చో రాసే పట్టికను) ఆడిట్ కోసం రాసి అటక ఎక్కించేస్తారు. మెట్టు మారినప్పుడల్లా తీసి అక్కరెన్స్ (తప్పు ఎంత తరచుగా వస్తుందో చెప్పే) అంకెలను లైన్ డేటాతో మార్చండి. మంటకు దారితీసే వైఫల్యానికి సివియారిటీ (తీవ్రత) పదికి పదే, టెస్టులు ఎన్ని పెంచినా అది తగ్గదు. తగ్గిందని ఎవరైనా రాసి తెస్తే వెనక్కి పంపండి.

పని సూచనలు లైన్ మీద మాట్లాడే భాషలో ఉండాలి. హోసూరు వైపు షాప్ ఫ్లోర్‌లో తెలుగు, తమిళం, కన్నడం మూడూ వినిపిస్తాయి, ఇంగ్లీషు పేరాలు ఎవరూ చదవరు. మంచి వెల్డు ఫొటో, చెడ్డ వెల్డు ఫొటో, కింద ఒక్క వాక్యం చాలు.

రీవర్క్‌కు ఒక కఠినమైన నియమం. ఒకే పాయింటు మీద రెండోసారి వెల్డు చేయాలంటే పాత మచ్చ పక్కన కొత్త చోట చేయాలి, మూడోసారి లేదు. రీవర్క్ అయిన ప్యాక్ వెల్డు స్టేషన్ తర్వాతి టెస్టులన్నీ మొదటి నుంచీ మళ్లీ దాటాలి, సిస్టమ్‌లో పాత పాస్ రికార్డులు చెరిగిపోవాలి. అనుమానం ఉన్న ప్యాక్‌ను లైన్ పక్కన బల్ల మీద ఉంచకండి. బయట షెడ్డులో, ప్యాక్‌కూ ప్యాక్‌కూ దూరం పాటించి, థర్మల్ కెమెరా కింద పెట్టి, పక్కన నిండుగా నీళ్ల సౌకర్యం ఉంచండి. నిప్పంటుకున్న సెల్‌ను ఆపేది బోలెడన్ని నీళ్లతో చల్లబరచడమే, గోడకు తగిలించిన పౌడరు సిలిండరుతో మంట అణిగినట్టు కనిపించి మళ్లీ రాజుకుంటుంది. షెడ్డులో 24 గంటలకు వోల్టేజీ మళ్లీ కొలవండి. మిగతా గ్రూపుల కంటే ఒక గ్రూపు ఎక్కువ పడిపోయి ఉంటే ఆ ప్యాక్ విప్పి, ఆ 16 సెల్స్ నంబర్లతో అదే లాట్ సెల్స్ ఇంకా ఏయే ప్యాక్‌లలోకి వెళ్లాయో సాయంత్రంలోగా జాబితా తీయండి.